గ్రౌండు బయట మూడో జట్టు

లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో మా చిన్నప్పుడు క్రికెట్‌కు ఎంత గిరాకీ ఉండేదో ఫుట్‌బాల్‌కూ అంతే ఉండేది. నాన్న వర్క్‌షాప్‌లో ఫిట్టర్. సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన పెద్దవాళ్లు టీ గ్లాసులు పట్టుకుని గ్రౌండు గట్టు మీద కూర్చుని మా ఆట చూసేవారు. ఊరికే చూసేవారు కాదు, మేం చేసే ప్రతి తప్పుకూ ఒక పాత కథ చెప్పేవారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన సంగతి, మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టిన సంగతి, రహీం సాబ్ కోచింగ్‌లో భారత జట్టుకు 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ బంగారు పతకం వచ్చిన సంగతి మాకు ఎక్కాల కంటే బాగా వచ్చు.

ఆ కథల్లో నాకు బాగా నచ్చింది రహీం సాబ్ పిల్లలకు పెట్టించిన పోటీల గురించి. డ్రిబ్లింగ్ చేయకూడదని ఒక టోర్నమెంటు, బలం లేని కాలితోనే ఆడాలని ఇంకొకటి. కుడికాలి వాడు ఎడమ కాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో ఆడాలి. కాలనీలో ఒక పెద్దాయన మాతో కూడా అలా ఆడించేవాడు. ఎడమ కాలితో షాట్ కొట్టబోయి బంతిని వదిలేసి బోర్లా పడటం, గట్టు మీదున్న వాళ్లంతా పగలబడి నవ్వడం నాకు ఇప్పటికీ గుర్తుంది. పూర్తి బలంతో ఆడకపోవడం అనేది నాకు మొదట పరిచయమైంది అలా, ఒక మంచి విషయంగానే.

1991లో నేను తొమ్మిదో తరగతి. ఆ ఏడాది వానాకాలం వెళ్లాక సికింద్రాబాద్ వైపు బళ్లన్నిటికీ కలిపి ఒక టోర్నమెంటు పెట్టారు. మా గ్రూపులో నాలుగు జట్లు. ప్రతి జట్టూ మిగతా మూడింటితో ఒక్కోసారి ఆడాలి, మొదటి రెండు సెమీఫైనల్‌కు వెళ్తాయి. బళ్ల పేర్లు ఇక్కడ రాయను. ఒకటి ఆకుపచ్చ జెర్సీల జట్టు, ఒకటి పసుపు జెర్సీల జట్టు, నాలుగోది హాస్టల్ పిల్లల జట్టు. ఆ హాస్టల్ పిల్లల్లో సగం మందికి షూస్ లేవు. వయసు కూడా మా కంటే తక్కువే అనిపించేది. జెర్సీలు ఎవరో పెద్దవాళ్లవి ఇచ్చినట్టున్నారు, మోకాళ్ల దాకా వేలాడేవి.

మా మొదటి మ్యాచ్ వాళ్లతోనే. పది నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టేశాం. వాళ్ల గోల్‌కీపర్‌కు చేతులకు గ్లోవ్స్ కాదు కదా, బంతి ఎక్కడ పడుతుందో అంచనా కూడా లేదు. రెండో గోల్ పడ్డాక వాడు బంతిని వల లోంచి తీయకుండా అక్కడే నిలబడ్డాడు. హాఫ్‌టైమ్‌లో మా పీఈటీ సార్ మా ఇద్దరు ఫార్వర్డ్‌లనూ బయట కూర్చోబెట్టి, ఎప్పుడూ బెంచీ మీదే ఉండే ఇద్దర్ని దింపారు. నన్ను హాఫ్ లైన్ దాటొద్దన్నారు. "పాసులు ఇచ్చుకోండి, పరిగెత్తండి, కానీ ఎవడూ వెక్కిరించొద్దు, కాలి మీద బంతి పెట్టుకుని షో చెయ్యొద్దు" అని మెల్లగా, ఎదుటి జట్టుకు వినబడకుండా చెప్పారు. మ్యాచ్ 2-0తో ముగిసింది. చివర్లో వాళ్ల పిల్లాడొకడు మా గోల్ దాకా వచ్చి షాట్ కొట్టాడు. బంతి పోస్ట్ పక్కనుంచి పోయింది. వాళ్లు కప్పు గెలిచినంత సంబరపడ్డారు.

ఆకుపచ్చ జట్టు అదే హాస్టల్ పిల్లల మీద 5-0తో గెలిచింది. పసుపు జట్టు 4-0తో. మేం ఆ రెండు జట్లతోనూ డ్రా చేసుకున్నాం. అప్పట్లో గెలిస్తే రెండు పాయింట్లు, డ్రా అయితే ఒకటి. మా మూడు మ్యాచ్‌లూ అయ్యేసరికి మాకు నాలుగు పాయింట్లు. మిగిలింది ఆకుపచ్చకూ పసుపుకూ మధ్య మ్యాచ్ ఒక్కటే, అదీ మర్నాడు. ఇద్దరికీ మూడేసి పాయింట్లున్నాయి. ఎవరు గెలిచినా ఓడినవాళ్లు మూడు దగ్గరే ఆగిపోతారు, మేం సెమీస్‌లో ఉంటాం. డ్రా అయితే మాత్రం ముగ్గురికీ నాలుగు. అప్పుడు గోల్ డిఫరెన్స్, అంటే కొట్టిన గోల్స్‌లోంచి తిన్నవి తీసేస్తే మిగిలేది, చూస్తారు. వాళ్లవి ఐదు, నాలుగు. మాది రెండు.

ఈ లెక్క ఆ రాత్రే మా గోల్‌కీపర్ నోట్‌బుక్ వెనక అట్ట మీద వేసి చూపించాడు. అయినా మాకేం టెన్షన్ లేదు. రెండు మంచి జట్లు ఆడుకుంటే ఎవరో ఒకరు గెలుస్తారు కదా అనుకున్నాం. మర్నాడు బడి అయ్యాక అందరం కలిసి మ్యాచ్ చూడటానికి వెళ్లాం.

మొదటి సగం నిజంగానే బాగా ఆడారు. పసుపు జట్టులో కుడి వైపు ఆడే అబ్బాయి నాకు తెలుసు, లెక్కల ట్యూషన్‌లో నా పక్కనే కూర్చునేవాడు. వాడు ఇద్దర్ని తప్పించుకుని లైను దాకా పోయి క్రాస్ ఇస్తే గోల్ పడింది. కాసేపటికి ఆకుపచ్చ వాళ్లు ఫ్రీకిక్ మీద సమం చేశారు. 1-1. హాఫ్‌టైమ్‌లో రెండు జట్ల సార్లూ గేటు దగ్గర బండి మీద కలిసి టీ తాగారు. దాన్ని మేం ఏమీ పట్టించుకోలేదు. సార్లు సార్లు టీ తాగడం మామూలే.

రెండో సగం మొదలైన ఐదు నిమిషాలకు మాకు ఏదో తేడాగా అనిపించింది. ఆకుపచ్చ ఫుల్‌బ్యాక్ బంతిని అరికాలి కింద తొక్కిపట్టి నిలబడ్డాడు. ఎదురుగా పది గజాల దూరంలో పసుపు ఫార్వర్డ్, చేతులు నడుము మీద పెట్టుకుని. ఇద్దరూ కదలడం లేదు. ఫుల్‌బ్యాక్ బంతిని వెనక్కి కీపర్‌కు తోశాడు. అప్పటికి ఇంకా కీపర్ బ్యాక్‌పాస్‌ను చేత్తో పట్టుకోవచ్చు. ఆ నియమం మారింది మరుసటి ఏడు, 1992లో. కీపర్ వంగి బంతిని చేతుల్లోకి తీసుకుని, నేలకేసి రెండుసార్లు కొట్టి, చొక్కాకు తుడిచి, తాపీగా రెండో ఫుల్‌బ్యాక్ వైపు దొర్లించాడు. వాడు దాన్ని తొక్కిపట్టాడు. మళ్లీ కీపర్‌కు. మళ్లీ చేతుల్లోకి. అలా తిప్పి తిప్పి విసుగొచ్చాక బంతిని ముందుకు పొడవుగా తన్నేవారు, అవతలి జట్టు దాన్ని తీసుకుని అదే పని తమ గోల్ దగ్గర చేసేది. ఒక్క టాకిల్ లేదు. ఒక్క షాట్ లేదు. రిఫరీ ఒకటి రెండుసార్లు చేతులు ఊపి "ఆడండి ఆడండి" అన్నాడు. అంతకు మించి ఆయన మాత్రం ఏం చేస్తాడు? పాస్ ఇవ్వడం ఫౌల్ కాదు కదా.

మా గోల్‌కీపర్ లైను దగ్గరకు పోయి "ఆడండ్రా! మీకు సిగ్గు లేదారా!" అని గొంతు పోయేలా అరిచాడు. వాడి గొంతు ఆ సాయంత్రం బొంగురుపోయింది. మా వాళ్లలో ఒకడు రాయి తీసుకున్నాడు. వెనక నుంచి సార్ గొంతు: "గ్రౌండు వైపు రాయి గీయి పడిందంటే తోలు తీస్తా. కూర్చోండి." కూర్చున్నాం. చివరి విజిల్ దాకా మమ్మల్ని లేవనివ్వలేదు. మ్యాచ్ అయిపోయాక రెండు జట్లూ చేతులు కలుపుకున్నాయి. మా వైపు ఒక్కరూ చూడలేదు.

ఇంటికి నడిచి వస్తుంటే మా ఫార్వర్డ్ అడిగేశాడు. "సార్, ఆ రోజు మమ్మల్ని బయట కూర్చోబెట్టకపోతే హాస్టల్ వాళ్ల మీద ఇంకో ఐదు కొట్టేవాళ్లం. ఇవాళ మనమే సెమీస్‌లో ఉండేవాళ్లం." మా అందరి మనసులో ఉన్న మాటే అది. సార్ సైకిల్ తోసుకుంటూ నడుస్తున్నారు. "కొట్టేవాళ్లే" అన్నారు. కాసేపాగి, "ఆ పిల్లలు వచ్చే ఏడు మళ్లీ గ్రౌండుకు రావాలి కదరా" అన్నారు. దాని మీద ఇంకేం మాట్లాడలేదు.

ఆ వయసులో ఆ మాట నాకు సరిపోలేదు. కోపం వచ్చింది. మేమూ తగ్గి ఆడాం, వాళ్లూ తగ్గి ఆడారు, నష్టపోయింది మాత్రం రెండుసార్లూ మేమే అనిపించింది. ఆ రెండింటికీ తేడా ఎక్కడుందో నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. మా సార్ తగ్గించి ఆడించినప్పుడు దాని ఖర్చు మా జట్టే పెట్టుకుంది. వాళ్లు తగ్గి ఆడినప్పుడు దాని ఖర్చు గ్రౌండు బయట కూర్చున్న మా మీద వేశారు. పిల్లల ఆటల్లో ఇలాంటి సంగతి ఎప్పుడు చర్చకొచ్చినా నేను చూసేది ఇదొక్కటే.

ట్యూషన్ అబ్బాయి నాలుగైదు రోజులు నా పక్కన కూర్చోలేదు. తర్వాత ఒకరోజు లెక్కలు చేస్తూ, తలెత్తకుండానే చెప్పాడు. "సెకండాఫ్‌లో నాకు ఒక్క పాస్ కూడా ఇయ్యలేదురా. నాకిస్తే అలవాటు కొద్దీ ముందుకు ఉరుకుతానని సార్ ముందే చెప్పిండంట." నాకు వాడి మీదున్న కోపం ఆ క్షణంలోనే పోయింది. ఆ అరగంట వాడు లైను పక్కన నిలబడి ఉండటం నేను చూశాను. వాడూ కుమ్మక్కులో భాగమే అనుకున్నాను. నిజానికి వాడిని కూడా ఆటలోంచి తీసేశారు, కాకపోతే జెర్సీ విప్పించలేదంతే.

అల్జీరియా కథ మా సార్ ఆ తర్వాతి డ్రిల్ పీరియడ్‌లో చెప్పారు. 1982 ప్రపంచ కప్, స్పెయిన్‌లో హిహోన్ అనే ఊరు. అల్జీరియాకు అదే మొదటి ప్రపంచ కప్. మొదటి మ్యాచ్‌లోనే పశ్చిమ జర్మనీని 2-1తో ఓడించింది. తర్వాత ఆస్ట్రియా చేతిలో ఓడి, జూన్ 24న చిలీ మీద 3-2తో గెలిచింది. జర్మనీ, ఆస్ట్రియా మ్యాచ్ మర్నాడు. జర్మనీ ఒకటి రెండు గోల్స్ తేడాతో గెలిస్తే జర్మనీ, ఆస్ట్రియా రెండూ ముందుకెళ్తాయి, అల్జీరియా ఇంటికి పోతుంది. పదో నిమిషంలో జర్మనీ ఆటగాడు హ్రుబేష్ గోల్ కొట్టాడు. ఆ తర్వాత ఎనభై నిమిషాలు ఆట లేదు. స్టేడియంలో జనం కరెన్సీ నోట్లు ఊపారు. ఆస్ట్రియా టీవీ వ్యాఖ్యాత ప్రేక్షకులను టీవీలు కట్టేసుకోమన్నాడు. అల్జీరియా ఫిర్యాదు చేస్తే ఫిఫా కొట్టేసింది. మూడు జట్లకూ నాలుగేసి పాయింట్లు, గోల్ డిఫరెన్స్‌తో అల్జీరియా బయటికి. వింటుంటే మాకు ఒళ్లు జలదరించింది, అచ్చం మా లెక్కే.

ఆ కథలో ఇంకో ముక్క నేను పెద్దయ్యాక చదివాను. చిలీ మీద అల్జీరియా మొదటి సగంలోనే 3-0తో ముందుంది. రెండో సగంలో రెండు గోల్స్ ఇచ్చేసింది. ఆ రెండూ పడకపోయి ఉంటే మర్నాటి 1-0 వాళ్లను బయటికి పంపేది కాదు. దీన్ని పట్టుకుని "తప్పు అల్జీరియాదే, గట్టిగా ఆడుకోవాల్సింది" అనేవాళ్లను చూశాను. మా ఫార్వర్డ్ ఆ రోజు దారిలో అన్నదీ ఇదే. కానీ ఎవడో రేపు కుమ్మక్కవుతాడని ఇవాళ నేను బలహీనుణ్ని పీక్కుతినాలంటే, ఆ టోర్నమెంటులో ప్రతి జట్టూ అదే చేయాల్సి వస్తుంది. హాస్టల్ పిల్లలు పదేసి గోల్స్ తిని ఇళ్లకు పోవాల్సి వస్తుంది. ఫిఫాకు కూడా చివరికి తట్టిన దారి వేరు. 1986 ప్రపంచ కప్ నుంచి గ్రూపులో చివరి రెండు మ్యాచ్‌లూ ఒకే సమయానికి మొదలుపెట్టడం మొదలైంది. ఎదుటివాడి స్కోరు ఎంతో తెలియకుండా చేస్తే చాలా వరకు లోపాయికారీ ఒప్పందాలకు అవకాశమే ఉండదు.

చాలా వరకే, పూర్తిగా కాదు. ఆగ్నేయాసియా దేశాలు ఆడే టైగర్ కప్‌లో 1998లో థాయ్‌లాండ్, ఇండోనేషియా రెండూ అప్పటికే సెమీస్‌కు చేరి ఉన్నాయి. గ్రూపులో మొదట నిలిస్తే హనోయ్‌లో ఆతిథ్య జట్టు వియత్నాంతో ఆడాలి. అందుకని రెండూ గెలవడానికి ఇష్టపడలేదు. స్కోరు 2-2 ఉండగా ఇండోనేషియా డిఫెండర్ ముర్సిద్ ఎఫెండి కావాలని సొంత గోల్‌లోకి బంతి కొట్టాడు. థాయ్ ఆటగాళ్లు దాన్ని ఆపడానికి పరిగెత్తారు. ఎదుటి జట్టు గోల్‌ను కాపాడటానికి పరుగు! రెండు దేశాలకూ నలభై వేల డాలర్ల చొప్పున జరిమానా, ఎఫెండికి అంతర్జాతీయ ఫుట్‌బాల్ నుంచి జీవితకాల నిషేధం పడ్డాయి. సెమీస్‌లో రెండు జట్లూ ఓడిపోయాయి. ఆ పథకం వేసింది ఒక్క ఎఫెండే అని నేను నమ్మను. కానీ బంతిని తాకిన కాలు అతనిది, కాబట్టి శిక్ష అతని కెరీర్‌కు పడింది. అది చదివినప్పుడు నాకు ట్యూషన్ అబ్బాయే గుర్తొచ్చాడు.

2012 లండన్ ఒలింపిక్స్ నాటికి నేను అమెరికా వచ్చేశాను. మహిళల బ్యాడ్మింటన్ డబుల్స్‌లో మన హైదరాబాద్ అమ్మాయి గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప జోడీ తమ గ్రూపులో మూడింట రెండు మ్యాచ్‌లు గెలిచి కూడా పాయింట్ల తేడాతో క్వార్టర్స్‌కు పోలేకపోయింది. అదే గ్రూపులో జపాన్, చైనీస్ తైపీ మ్యాచ్ నిజాయితీగా జరగలేదని భారత్ ఫిర్యాదు చేస్తే తోసిపుచ్చారు. అదే రోజుల్లో వేరే గ్రూపుల్లో క్వార్టర్స్‌లో తేలికైన జోడీ ఎదురవ్వాలని సర్వీసు నెట్‌కు కొట్టి మరీ ఓడిపోవాలని చూసిన నాలుగు జోడీలను, చైనాది ఒకటి, ఇండోనేషియాది ఒకటి, దక్షిణ కొరియావి రెండు, పోటీ నుంచే పంపించేశారు. టికెట్ కొనుక్కుని వచ్చిన జనం హాల్లో అరుస్తున్న అరుపులు టీవీలో విన్నాను. ఆ అరుపు నాకు తెలిసిన అరుపే.

మేముండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. ఇక్కడ మన తెలుగు పిల్లలు సాకర్ ఆడని వీధి ఉండదు. మా అమ్మాయి ఆరేళ్లప్పుడు మొదలుపెట్టింది. ఇక్కడి లీగుల్లో నాకు మొదట నచ్చిన విషయం, బాగా ముందున్న జట్టును ఆపే పద్ధతులు చాలా ఉండటం. కొన్ని టోర్నమెంట్లలో ఒక మ్యాచ్‌లో ఇన్ని గోల్స్‌కు మించి తేడాను లెక్కించరు. నాలుగు గోల్స్ ముందుంటే కోచ్‌లు ఫార్వర్డ్‌లను వెనక్కి పంపుతారు, లేదా ఎడమ కాలితోనే కొట్టమంటారు. అది మొదటిసారి విన్నప్పుడు లాలాగూడ గట్టు మీద పెద్దాయన నా ముందుకొచ్చి నిలబడ్డట్టు అనిపించింది. రహీం సాబ్ పిల్లల కాలు బాగుపడాలని పెట్టిన నియమం ఇక్కడ ఎదుటి పిల్లల మనసు కోసం వాడుతున్నారు.

దీని మీద తల్లిదండ్రుల్లో వాదన ఉంది. తగ్గి ఆడటమే పెద్ద అవమానం అని కొందరు గట్టిగా నమ్ముతారు. వాళ్ల మాటలోనూ నిజం ఉంది. నేను చూసిన ఒక మ్యాచ్‌లో 7-0 ముందున్న జట్టు కోచ్ "ఇరవై పాసులు అయ్యాకే షాట్" అని గ్రౌండంతా వినబడేలా అరిచాడు. పిల్లలు పాసులు గట్టిగా లెక్కపెడుతూ నవ్వుతున్నారు. అవతలి పదేళ్ల పిల్లలు బంతి వెనక తిరిగి తిరిగి ఏడుపు మొహాలు పెట్టారు. అది దయ కాదు. మా సార్ ఆ మాట గొంతు తగ్గించి ఎందుకు చెప్పారో నాకు ఆ రోజు అర్థమైంది. తగ్గుతున్నట్టు ఎదుటివాడికి తెలియకూడదు. ఆట ఆటలాగే ఉండాలి, పరుగు పరుగులాగే ఉండాలి.

2018 జూన్ 28న ప్రపంచ కప్‌లో జపాన్, పోలండ్ మ్యాచ్‌ను నేనూ మా అమ్మాయీ పొద్దున టిఫిన్ తింటూ చూశాం. జపాన్ 1-0తో ఓడిపోతోంది. అటు సెనెగల్ కూడా కొలంబియా మీద అదే స్కోరుతో ఓడిపోతోంది. పాయింట్లు, గోల్స్ అన్నీ సమానం. జపాన్‌కు పసుపు కార్డులు నాలుగు, సెనెగల్‌కు ఆరు. అలాగే ముగిస్తే తక్కువ కార్డులున్న జపాన్ ముందుకు. చివరి పది నిమిషాలు జపాన్ వాళ్లు తమ గోల్ దగ్గరే బంతి తిప్పుకున్నారు. గెలుస్తున్న పోలండ్‌కూ తొందర లేదు. మా అమ్మాయి ఇడ్లీ చేతిలో పట్టుకుని, "వీళ్లు ఓడిపోతున్నారు కదా నాన్నా, మరెందుకు ఆడట్లేదు?" అంది. లెక్క చెప్పాను. కాసేపు ఆలోచించి, "అక్కడ సెనెగల్ ఒక్క గోల్ కొడితే?" అంది. కొడితే జపాన్ ఇంటికి పోతుంది. అందుకే దాన్ని నేను హిహోన్‌తో కలపను. జపాన్ తన మెడ మీద కత్తి తనే పెట్టుకుంది, సెనెగల్‌కు చివరి నిమిషం దాకా తలుపు తెరిచే ఉంది. చూడటానికి మాత్రం చేదుగానే ఉండింది.

ఆ ఏడాది అక్టోబర్‌లో మా అమ్మాయి జట్టు హ్యూస్టన్ వైపు ఒక టోర్నమెంటుకు వెళ్లింది. పన్నెండేళ్ల లోపు పిల్లలు, తొమ్మిదేసి మంది ఆట. ఆదివారం పొద్దున చివరి లీగ్ మ్యాచ్. మాకు నాలుగు పాయింట్లు, ఎదుటి జట్టుకు నాలుగు, ఆటలన్నీ అయిపోయిన నారింజ జెర్సీల జట్టుకు నాలుగు. డ్రా అయితే మేమిద్దరం మధ్యాహ్నం ఫైనల్ ఆడుకోవచ్చు. ఎవరైనా ఓడితే నారింజ వాళ్లతో గోల్ డిఫరెన్స్ చూస్తారు, అది వాళ్లకే బాగుంది. మా రోజుల్లో నోట్‌బుక్ అట్ట మీద వేసుకున్న లెక్క ఇప్పుడు ప్రతి తల్లిదండ్రి ఫోన్‌లోనూ ఉంది. నారింజ జట్టు పిల్లలు సంచులు సర్దుకుని, సర్దిన సంచుల మీదే కూర్చుని మా మ్యాచ్ చూస్తున్నారు.

0-0. ఇంకా పది పన్నెండు నిమిషాలుంది. ఎదుటి డిఫెండర్ బంతిని తొక్కిపట్టి ఆగింది. మా పిల్లలు ఆమె మీదికి వెళ్లలేదు. ఎవరూ చెప్పలేదు. పిల్లలకు తెలిసిపోయింది. మా అమ్మాయి కూడా అడుగు వేయకుండా బెంచీ వైపు చూసింది. మా వైపు నిలబడ్డ ఒక నాన్న "గుడ్, గుడ్, నిదానం" అన్నాడు. నాకు గుండె దడదడలాడింది. ముప్పై ఏళ్ల కిందటి మా గోల్‌కీపర్‌లా అరవాలని నోటిదాకా వచ్చింది. లైను బయట పెద్దవాళ్లు అరవకూడదని ఇక్కడ గట్టి నియమం, అరవలేదు.

మా కోచ్ ఒకప్పుడు కాలేజీ జట్టుకు ఆడిన ఆవిడ. మారు మాట్లాడకుండా ఇద్దరు పిల్లల్ని బయటికి పిలిచి, బెంచీ మీద షూ లేసులతో ఆడుకుంటున్న ఇద్దరు చిన్నవాళ్లను దింపింది. వాళ్లకు ఏ లెక్కా తెలియదు. "బంతి ఎక్కడుంటే అక్కడికి పరిగెత్తండి" అని మాత్రం చెప్పింది. వాళ్లు పరిగెత్తారు. డిఫెండర్ కంగారుపడి బంతిని బయటికి తన్నేసింది. త్రో. ఇంకో త్రో. మా అమ్మాయి కూడా ఒక్కసారిగా కదిలింది. గ్రౌండంతా మళ్లీ గోల గోల అయిపోయింది. మాకొక మంచి అవకాశం వచ్చింది, కీపర్ ఆపేసింది. ఆ వెంటనే అటు నుంచి పొడవైన పాస్, మా వాళ్లందరూ ముందున్నారు, గోల్. 1-0తో ఓడిపోయాం. నారింజ పిల్లలు సంచులు ఎగరేసుకుంటూ గెంతారు.

పార్కింగ్‌లో పెద్ద గొడవే అయింది. "అన్నా, రెండు రాత్రుల హోటలు, గ్యాసు, పిల్లల ఏడుపు. డ్రా చేసుకుంటే ఎవరి సొమ్మేం పోయేది?" అని మన తెలుగాయనే నన్ను నిలదీశాడు. ఆయన కోపం నాకు అర్థమైంది, వాళ్లమ్మాయి అప్పటికీ వెక్కుతూనే ఉంది. "వాళ్ల సొమ్ము పోయేది" అని నారింజ జట్టు వైపు చూపించాను. నా పద్నాలుగేళ్ల వయసు నుంచీ ఈ జవాబు నా దగ్గర సిద్ధంగానే ఉంది. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోడు, ఇప్పటికీ స్నేహితులమే. కారులో మా అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. దారిలో బర్గర్ తిన్నాక, "మన మ్యాచ్‌లో మనకంటే ఆ నారింజ వాళ్లే ఎక్కువ అరిచారు నాన్నా" అంది, కాస్త ఆశ్చర్యంగా.

ఆ తర్వాతి సీజన్‌లో మా దగ్గర జరిగే చిన్న టోర్నమెంటుకు షెడ్యూలు వేసే పని నేను అడిగి తీసుకున్నాను. ఎవరికీ ఇష్టం లేని పని, అందుకే వెంటనే ఇచ్చేశారు. నేను మార్చింది ఒక్కటే. ప్రతి గ్రూపులో చివరి రెండు మ్యాచ్‌లూ పక్కపక్క గ్రౌండుల్లో ఒకే సమయానికి మొదలవుతాయి. వినడానికి తేలిక, చేయడానికి కాదు. గ్రౌండులు తక్కువ, రిఫరీలు అంతకంటే తక్కువ, వాళ్లలో సగం మంది హైస్కూలు పిల్లలే. అందరికీ కుదిరే సమయం ఆదివారం పొద్దున ఏడున్నర ఒక్కటే దొరికింది. సెలవు రోజు అంత పొద్దున్నే పిల్లల్ని లేపాలా అని ప్రతి సీజన్‌లోనూ ఫోన్లు వస్తాయి. లేపాల్సిందే అండీ, అని చెబుతుంటాను.